సబ్‌వూఫర్ గరగరలాడుతోందా? పెట్టె విప్పేముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాలుగేళ్ళ నాటి 10 అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్ (బేస్ కోసం వేరుగా ఉండే స్పీకర్ పెట్టె, ఆంప్లిఫయర్ అంటే ఆంప్ దాని లోపలే ఉంటుంది), వెనకవైపు పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టం), 5.1 రిసీవర్ (శబ్దాన్ని ఐదు స్పీకర్లకీ సబ్‌కీ పంచే పెట్టె), 12 బై 14 అడుగుల హాలు, పైన పీఓపీ సీలింగ్. పాటలకి బాగానే ఉంటుంది. సినిమాలో పేలుడు సీనో, లారీ దూసుకొచ్చే సీనో వస్తే మాత్రం బర్రుమని, దడదడమని చప్పుడు. షాపు వాళ్ళు "కోన్ పోయింది, మార్చాలి" అన్నారు.

కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు లాంటి భాగం) పోయి ఉండొచ్చు. కానీ మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ మాట ఇప్పుడే అనేయలేం. పాటల్లో డ్రమ్స్, బేస్ గిటారు చాలావరకు 45 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. సినిమా పేలుడు 20, 30 హెర్ట్జ్ దాకా దిగుతుంది. పోర్టు లేని సీల్డ్ పెట్టెలో (మీలా పోర్టు ఉన్నదాని లెక్క కొంచెం వేరు, కింద వస్తుంది) ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే, అంతే శబ్దం ఇవ్వడానికి కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 40 హెర్ట్జ్ దగ్గర 3 మిల్లీమీటర్లు కదిలే కోన్ 20 దగ్గర 12 మిల్లీమీటర్లు కదలాలన్నమాట. అందుకని పాటలకి హాయిగా పాడే సబ్ సినిమాకి అరవడం అనేది కోన్ చెడితేనే జరగాలని లేదు. గది అదిరినా, రిసీవర్ సెట్టింగ్ తప్పినా, పెట్టెలో ఒక స్క్రూ వదులైనా ఇదే చప్పుడు వస్తుంది. ముందుగా తేల్చాల్సింది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర వస్తోంది, ఎంత వాల్యూమ్ దగ్గర వస్తోంది అన్నది. ఈ రెండూ తెలిస్తే సగం రిపేరు అయినట్టే.

ఫోన్‌లో ఏదైనా టోన్ జనరేటర్ యాప్ వేసుకోండి. సైన్ వేవ్ ఎంచుకుని ఫోన్‌ని రిసీవర్‌కి ఆక్స్ వైరుతో కలపండి. రిసీవర్‌లో స్పీకర్లన్నీ "స్మాల్" అని, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింది శబ్దం సబ్‌కి పోవాలో చెప్పే అంకె) 80 అని ఉండాలి. లేకపోతే టోన్ ముందు స్పీకర్లకి వెళ్ళి మిమ్మల్ని తికమక పెడుతుంది. ప్యూర్ డైరెక్ట్ మోడ్‌లో చాలా రిసీవర్లు సబ్‌ని ఆపేస్తాయి కాబట్టి మామూలు స్టీరియో మోడ్‌లో ఉంచండి. 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, మాట్లాడుకునేంత వాల్యూమ్‌లో, 5 హెర్ట్జ్ చొప్పున 20 దాకా దిగండి. ఒక్కో టోన్ పది సెకన్లు చాలు.

ఇక్కడొక హెచ్చరిక. 25 హెర్ట్జ్ టోన్ చెవికి సరిగా వినపడదు. వినపడట్లేదని వాల్యూమ్ పెంచేస్తారు, కాయిల్ (అయస్కాంతం సందులో ఉండి కోన్‌ని కదిలించే తీగ చుట్ట) కాలిపోతుంది. చెవికి 31.5 హెర్ట్జ్ శబ్దం కనీసం వినపడాలంటే దాదాపు 60 డెసిబెల్స్ కావాలి. అదే 100 హెర్ట్జ్ అయితే 27 చాలు. చప్పుడు ఇంత చికాకుగా వినిపించడానికీ ఇదే కారణం: అసలు 30 హెర్ట్జ్ శబ్దం చెవికి ఆనదు, దానితోపాటు పుట్టిన 90 హెర్ట్జ్ గరగర స్పష్టంగా ఆనుతుంది. కాబట్టి కింది టోన్లలో వాల్యూమ్ నాబ్ ముట్టుకోకండి.

టోన్ వేస్తున్నప్పుడు ఒక కాగితం మీద రాసుకోండి: 60 దగ్గర బర్రు, 45 దగ్గర జివ్వు, 30 కింద టకటక, ఇలా. ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర, అటూ ఇటూ రెండు మూడు హెర్ట్జ్ మేరకే చప్పుడు వచ్చి, దాటగానే ఆగిపోతే అది దాదాపు ఎప్పుడూ ఏదో వదులు వస్తువు అదరడమే. 35 నుంచి కిందికి దిగేకొద్దీ పెరుగుతూ పోతే కోన్ ఎక్కువ దూరం కదలడం వల్ల వచ్చేది. ఏ ఫ్రీక్వెన్సీ అయినా, చిన్న వాల్యూమ్‌లో కూడా గీరుకుంటున్నట్టు వినిపిస్తే కాయిల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఏ టోనూ వేయకపోయినా గుయ్యిమంటుంటే అది ఎర్తింగ్, లేదా పవర్ సప్లై గొడవ. దాని సంగతి తర్వాత.

ముందు గది

మన ఇళ్ళలో సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, అందుకే దీనికి కాస్త సమయం పెట్టమంటాను. చప్పుడు వచ్చే టోన్ పెట్టి, ఇంట్లో ఒకరిని రిమోట్ దగ్గర కూర్చోబెట్టి మీరు గది చుట్టూ తిరగండి. చెవిని నమ్మొద్దు, చేతిని నమ్మండి. గదిలో ఎక్కడో అదిరే గ్లాసు చప్పుడు కూడా సబ్ నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. అనుమానం ఉన్న ప్రతిదాన్నీ అరచేత్తో నొక్కండి. చప్పుడు ఆగితే అదే దొంగ.

షోకేసు అద్దాలు, స్లైడింగ్ కిటికీ రెక్కలు, తలుపు గడియ, ఫోటో ఫ్రేములు, కర్టెన్ రాడ్, స్విచ్ బోర్డు మూత, ఏసీ ముందున్న ప్లాస్టిక్ రెక్కలు, ఫ్యాన్ కప్పు, బీరువా తలుపు, బీరువా మీద పెట్టిన స్టీలు సామాను. పీఓపీ సీలింగ్‌లో దింపిన ఎల్ఈడీ లైట్లు చాలా పెద్ద దొంగలు. స్ప్రింగు క్లిప్పులతో నిలబడే ఆ రేకు రింగులు 50–70 హెర్ట్జ్ మధ్య జివ్వుమంటాయి. రింగు వెనక చుట్టూ సన్నటి ఫోమ్ టేపు అంటిస్తే ఆగిపోతుంది. కిటికీ రెక్కకి రబ్బరు బీడింగు వదులైతే కొత్తది వేయించండి. ఫోటో ఫ్రేము వెనక నాలుగు మూలలా బొట్టుబిళ్ళంత ఫెల్టు ముక్కలు అంటిస్తే చాలు.

సబ్ కింద ఉన్న టైలు కూడా చూడండి. రూపాయి బిళ్ళతో కొట్టి వినండి. గట్టిగా "టక్" అనాల్సింది "డొబ్" అని బోలుగా మోగితే ఆ టైలు కింద సిమెంటు సరిగా పట్టలేదు, అది సబ్ కింద డప్పులా వాయిస్తుంది. సబ్‌ని రెండడుగులు జరిపితే పోయే సమస్యకి స్పీకర్ రిపేరు చేయించుకునేవాళ్ళు ఉన్నారు. జరపడం కుదరకపోతే వాషింగ్ మెషిన్ కాళ్ళ కింద వేసే రబ్బరు ప్యాడ్లు నాలుగు వేయండి. అవి హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి.

ఇంకొకటి. మీ హాలు పొడవు 14 అడుగులు అంటే 4.27 మీటర్లు. ధ్వని వేగాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే, 343 భాగించు 8.54, దాదాపు 40 హెర్ట్జ్. 12 అడుగుల వైపు 47. ఈ రెండు ఫ్రీక్వెన్సీల దగ్గర గది తనంతట తానే శబ్దాన్ని ఉబ్బిస్తుంది. సబ్ మూలన ఉంటే మరీ ఎక్కువ. ఆ ఉబ్బు గరగర కాదు, బొంయ్యిమని సాగదీసినట్టుంటుంది. కానీ గదిలోని వస్తువులన్నిటినీ అదిరించే బలం దానికే ఉంటుంది. సబ్‌ని మూల నుంచి రెండు మూడడుగులు గోడ వెంబడి బయటికి లాగి మళ్ళీ టోన్లు వేయండి. కాగితం మీది అంకెలు మారితే గది పాత్ర ఉన్నట్టే.

గదిని పూర్తిగా పక్కన పెట్టాలంటే సబ్‌ని వరండాలోకో బాల్కనీలోకో తీసుకెళ్ళి, అదే టోన్ అదే వాల్యూమ్‌లో వేసి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వినండి. అక్కడా అదే చప్పుడు వస్తే పెట్టెలో ఉంది. రాకపోతే సబ్‌ని లోపలికి తెచ్చి మళ్ళీ గదిని వెతకండి.

రిసీవర్‌ని తప్పించి చూడడం

ఈ పరీక్ష ఐదు నిమిషాల పని, చాలామంది చేయరు. రిసీవర్ నుంచి సబ్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరు పీకేసి, 3.5 ఎంఎం నుంచి ఆర్‌సీఏకి మారే వైరుతో ఫోన్‌ని నేరుగా సబ్ లైన్ ఇన్‌పుట్‌కి కలపండి. సబ్ వెనక గెయిన్ నాబ్ (సబ్ సొంత వాల్యూమ్) తగ్గించి ఉంచి, ఫోన్ వాల్యూమ్ ముప్పావుకి పెట్టి, గెయిన్‌ని మెల్లగా ఇంతకుముందంత శబ్దం వచ్చేదాకా పెంచండి. ఇప్పుడు చప్పుడు లేకుండా పాడితే తప్పు సబ్‌ది కాదు, దానికి వచ్చే సిగ్నల్‌ది.

ఎందుకంటే రిసీవర్ సబ్ అవుట్‌పుట్‌కి ఒక హద్దు ఉంటుంది. డాల్బీ ట్రాకుల్లో ఎల్ఎఫ్ఈ ఛానెల్ (పేలుళ్ళలాంటి లోతైన శబ్దాలకి సబ్ కోసం కేటాయించినది) మిగతావాటికన్నా 10 డెసిబెల్స్ ఎక్కువగా వినిపించేలా ఏర్పాటై ఉంటుంది, అంటే వోల్టేజీలో 3.16 రెట్లు. దాని మీద మీరు రిసీవర్ మెనూలో సబ్ లెవెల్ +8 పెడితే ఇంకో రెండున్నర రెట్లు. రెండూ కలిపితే దాదాపు ఎనిమిది రెట్లు. దీనికి తోడు "స్మాల్" పెట్టిన ఐదు స్పీకర్ల బేస్ కూడా అక్కడికే వచ్చి చేరుతుంది. ఆ వోల్టేజీ రిసీవర్ లోపలే తల కోసినట్టు చదునైపోతుంది. ఆ తల తెగిన సిగ్నల్‌ని సబ్ నిజాయితీగా పాడుతుంది, అది మనకి గరగరగా వినిపిస్తుంది. పాటకి ఇంత వోల్టేజీ రాదు కాబట్టి పాట బాగుంటుంది. మీ లక్షణానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

విరుగుడు ఇలా: రిసీవర్‌లో సబ్ లెవెల్‌ని సున్నా కంటే కిందికి, -3 నుంచి -8 మధ్యకి తీసుకురండి. తగ్గిన శబ్దాన్ని సబ్ వెనక గెయిన్ నాబ్ పెంచి పూడ్చుకోండి. ఆడిస్సీ లాంటి ఆటో సెటప్ వాడుతుంటే, అది అయ్యాక మెనూలో సబ్ అంకె చూడండి. -12 అని ఉంటే అది అడుగుకి తగిలిందని అర్థం. గెయిన్ తగ్గించి సెటప్ మళ్ళీ నడపాలి. ఎల్ఎఫ్ఈ ఇన్‌పుట్ వాడుతుంటే సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ని చివరిదాకా తిప్పేయండి. రిసీవర్ ఒకసారి, సబ్ ఒకసారి కోయాల్సిన పనిలేదు. డెనాన్ రిసీవర్లలో "ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్", యమహాలో "ఎక్స్‌ట్రా బాస్" ఉంటే ఆపేయండి. టోన్ కంట్రోల్‌లో బేస్ సున్నాకి, టీవీలో బేస్ బూస్ట్ ఆఫ్. ఇవన్నీ ఒక్కొక్కటీ చిన్నవే, అన్నీ కలిస్తే సబ్ మీద పడే బరువు మామూలుది కాదు: 3 డెసిబెల్స్ పెంచితే ఆంప్ ఇవ్వాల్సిన పవర్ రెట్టింపు, 6 పెంచితే నాలుగు రెట్లు. అదే లెక్కన 3 తగ్గిస్తే సగం బరువు దిగిపోతుంది, చెవికి తేడా కొంచెమే తెలుస్తుంది.

సోర్సు కూడా చూడండి. యూట్యూబ్‌లో "ఎక్స్‌ట్రీమ్ బేస్ టెస్ట్" అని పెట్టే క్లిప్పుల్లో చాలావాటికి ముందే తల తెగి ఉంటుంది. వాటితో సబ్‌ని పరీక్షించడం వృథా.

పోర్టు, గాలి, పెట్టె

సబ్ పెట్టెలోనే చప్పుడు ఉందని తేలితే మొదట పైపై పనులు. ముందు గ్రిల్ తీసేయండి. దాని గూటాలు వదులై కొట్టుకోవడం చాలా మామూలు. సబ్ మీద పెట్టిన ఫ్లవర్ వాజు, రిమోట్లు తీసేయండి. వెనక వైర్లు పెట్టెకి తగులుతున్నాయేమో చూడండి. పేరు రాసిన రేకు, కాళ్ళు, వెనక హీట్ సింక్ రెక్కలు ఒక్కొక్కటే వేలితో నొక్కి చూడండి.

పోర్టు నుంచి ఫుస్సుమని గాలి చప్పుడు వస్తుంటే అది అదురు కాదు. సన్నటి గొట్టంలోంచి ఎక్కువ గాలి వేగంగా పోవడమే దానికి కారణం. పోర్టుకి ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ అని ఒకటి ఉంటుంది, ఈ సైజు సబ్‌లలో ఎక్కువగా 25–35 మధ్య. దాన్ని కళ్ళతో చూడొచ్చు. రెండు మిల్లీమీటర్ల తెల్ల కాగితం ముక్కని కోన్ మీద సెలోటేపుతో అంటించి, టోన్లు పైనుంచి కిందికి దింపుతూ దాన్నే చూడండి. కోన్ కదిలినంత మేర ఆ తెల్ల చుక్క సాగి గీతలా కనపడుతుంది. 50 దగ్గర గీత, 40 దగ్గర ఇంకొంచెం పొడుగు, ఆ తర్వాత ఒకచోట గీత కుంచించుకుపోయి మళ్ళీ చుక్కయిపోతుంది. అదే ట్యూనింగ్. ఆ క్షణంలో పోర్టు దగ్గర అరచెయ్యి పెడితే ఫ్యాన్ ముందు పెట్టినట్టు గాలి తగులుతుంది. అంతకన్నా కిందికి వెళ్ళారంటే గీత హఠాత్తుగా పొడుగైపోతుంది. అక్కడ పెట్టెలోని గాలి కోన్‌ని పట్టి ఆపదు, కాయిల్ వెళ్ళి వెనక ఇనప పలకకి కొట్టుకుంటుంది. అప్పుడు వచ్చేదే టకటక. సినిమాలో ఒక్కసారి "టక్" అన్నా వెంటనే వాల్యూమ్ తగ్గించాలి. ఆ దెబ్బలకి కాయిల్ చుట్టుకున్న గొట్టం అంచు నలిగిపోతుంది, ఆ తర్వాత అది శాశ్వతంగా గీరుకుంటుంది.

మీ టకటక ట్యూనింగ్ కింద మాత్రమే వస్తుంటే స్పీకర్ బాగానే ఉన్నట్టు, దానిచేత దాని స్తోమతకి మించి పని చేయిస్తున్నట్టు. లెవెల్ 3–4 డెసిబెల్స్ తగ్గించండి. సబ్‌కి సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని కోసేసేది) ఉంటే ఆన్ చేయండి. ఏదీ కుదరకపోతే పోర్టులో మందపాటి ఫోమ్ ముక్క గట్టిగా కుక్కితే పెట్టె సీల్డ్‌లా మారుతుంది. ట్యూనింగ్ దగ్గర బలం తగ్గుతుంది కానీ అంతకంటే కింద కోన్ అదుపులో ఉంటుంది. వెనక పోర్టుకీ గోడకీ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉంచండి.

పోర్టులోకి టార్చి వేసి చూడడం మరిచిపోకండి. పిల్లలు వేసిన గోళీలు, బిళ్ళలు, బొమ్మల ముక్కలు ఉంటాయి. కందిరీగ మట్టి గూడు కట్టేసి ఉంటుంది. బల్లులు లోపలికి దూరి ఆంప్ బోర్డు మీద చచ్చి షార్టు చేయడం మన దగ్గర అరుదేమీ కాదు. సబ్‌ని పోర్టు కిందికి వచ్చేలా వంచి మెల్లగా ఊపితే లోపల ఏదైనా దొర్లితే తెలుస్తుంది.

గాలి లీకు పట్టడానికి అగరుబత్తిని మించిన పరికరం లేదు. 35–40 హెర్ట్జ్ టోన్ మధ్యస్థంగా వేసి, వెలిగించిన అగరుబత్తిని స్పీకర్ అంచు చుట్టూ, వెనక ఆంప్ పలక చుట్టూ, నాబ్‌ల దగ్గర, పెట్టె అతుకుల వెంబడి మెల్లగా జరపండి. నుసి పెట్టెకీ ఫోమ్‌కీ తగలకుండా ఒక అంగుళం ఎడంగా పట్టుకోండి. పొగ నిటారుగా పోతుంటే అక్కడ లీకు లేదు. ఒకచోట వణికి, చీలి, పక్కకి ఎగిరిపోతే అక్కడి నుంచి గాలి పిచికారీలా వస్తోంది. మీరు విన్న "బర్రు" అదే కావచ్చు. చాలావరకు ఆంప్ పలక స్క్రూలు వదులై ఉంటాయి. ఒక్కోదాన్ని పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఎండీఎఫ్ చెక్కలో మర అరిగిపోయి స్క్రూ తిరిగిపోతుంటే ఆ రంధ్రంలో ఫెవికాల్ అద్దిన రెండు అగ్గిపుల్లలు దూర్చి, ఒక రాత్రి ఆరనిచ్చి, అప్పుడు స్క్రూ ఎక్కించండి. కింద రబ్బరో ఫోమో గాస్కెట్ నలిగిపోతే 2–3 మిల్లీమీటర్ల ఫోమ్ టేపు చుట్టూ అంటించండి.

విప్పాల్సి వస్తే

ప్లగ్గు పీకి పది నిమిషాలు ఆగండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. ఎస్ఎంపీఎస్ (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేని స్విచింగ్ పవర్ సప్లై) ఉన్న ఆంప్‌లలో కరెంటు వైపు పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది, పీకిన తర్వాత కూడా కాసేపు నిలబడుతుంది. ఆంప్ బోర్డు ముట్టుకోవాల్సి వస్తే మల్టీమీటర్‌తో ఆ వోల్టేజీ పోయిందని చూసుకోకుండా వేలు పెట్టొద్దు. అలవాటు లేకపోతే స్పీకర్ వరకే మీరు చూసుకోండి, బోర్డు మెకానిక్‌కి వదిలేయండి.

పెట్టెని దుప్పటి మీద పడుకోబెట్టి స్పీకర్ స్క్రూలు తీసి పైకెత్తండి, వైర్లు ఏది ఎక్కడుందో ఫోటో తీసుకోండి. లోపల మూడు చూడాలి. ఒకటి, వైరు వదులుగా వేలాడుతూ పెట్టె గోడకి గానీ కోన్ వెనక్కి గానీ కొట్టుకుంటోందా. ఉంటే ఫోమ్ ముక్క చుట్టి టై వేయండి. రెండు, పోర్టు గొట్టం జిగురు ఊడి కదులుతోందా. మూడు, స్పీకర్ టెర్మినల్ క్లిప్పులు వదులుగా ఉన్నాయా. చిటచిట వచ్చేది అక్కడే. క్లిప్పుని పీకి, నోస్ ప్లయర్‌తో కొంచెం నొక్కి, మళ్ళీ ఎక్కించండి.

ఇప్పుడు స్పీకర్‌ని చేతిలోకి తీసుకోండి, వైర్లు ఊడదీసి ఉండాలి. ఆంప్‌కి కలిసి ఉంటే కోన్ బిగుసుగా కదిలి మోసం చేస్తుంది. మధ్యలో డస్ట్ క్యాప్‌కి అటూ ఇటూ సమాన దూరంలో రెండు బొటనవేళ్ళు పెట్టి, కోన్‌ని నిటారుగా అర సెంటీమీటరు లోపలికి నొక్కి వదలండి. మెత్తగా, నిశ్శబ్దంగా వెళ్ళి రావాలి. వేళ్ళకి ఇసుక కాగితం మీద గీసినట్టు సన్నటి గరుకు తగిలితే కాయిల్ అయస్కాంతం సందులో గీరుకుంటోంది. ఒకవైపు నొక్కితేనే గరుకు వచ్చి నిటారుగా నొక్కితే రాకపోతే అది మీ చేతి తప్పు, మళ్ళీ నొక్కండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో, అంటే విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు, ఆ సందులో తుప్పు పట్టి కూడా ఈ గరుకు వస్తుంది.

కోన్ అంచున ఉన్న రింగుని చుట్టూ వేలితో తడమండి. రబ్బరుదైతే చాలాకాలం ఉంటుంది. ఫోమ్‌దైతే పది పదిహేనేళ్ళలో జిగటపడి, గిల్లితే పొడిపొడిగా రాలుతుంది. నాలుగేళ్ళకి అది జరగడం తక్కువే. కోన్‌కీ రింగుకీ మధ్య జిగురు ఒక అంగుళం మేర ఊడినా చాలు, తడిసిన కాగితం కొట్టుకున్నట్టు ఫడఫడ వస్తుంది. డస్ట్ క్యాప్‌ని గోటితో మీటండి, ఊడిన వైపు పల్చగా మోగుతుంది. ఇలాంటి చోట్ల ఫెవిబాండ్ లాంటి సాగే రబ్బరు జిగురు పల్చగా రాసి ఒక రోజు వదిలేయండి. ఫెవిక్విక్ మాత్రం వద్దు. అది గట్టిపడి గాజులా పగులుతుంది, సందులోకి కారితే కాయిల్ పని అయిపోయినట్టే. కాగితం కోన్‌కి చిన్న చిరుగు ఉంటే రెండు వైపులా టిష్యూ పేపర్ ముక్క, నీళ్ళు కలిపిన తెల్ల ఫెవికాల్‌తో అంటిస్తే సరిపోతుంది. కోన్ నుంచి టెర్మినల్‌కి వచ్చే జడలాంటి రాగి తీగలు కోన్‌కి తగిలి కొట్టుకుంటున్నాయేమో కూడా చూడండి.

మల్టీమీటర్‌ని 200 ఓమ్స్ మీద పెట్టి టెర్మినల్స్ కొలవండి. 4 ఓమ్స్ స్పీకర్‌కి 3.2 నుంచి 3.8 మధ్య, 8 ఓమ్స్‌కి 5.5 నుంచి 7 మధ్య చూపాలి. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకెని అందులోంచి తీసేయండి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది. కొలుస్తూ కోన్‌ని మెల్లగా నొక్కితే అంకె గంతులు వేస్తుంటే జడ తీగ లోపల తెగబోతోంది, సినిమాలో మాత్రమే చిటపటమనేది ఇదే. ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ చూపితే చుట్లు కాలి ఒకదానికొకటి అతుక్కున్నాయి. మాడిన వార్నిష్ వాసన కూడా ఉంటుంది.

ఆంప్, కరెంటు

స్పీకర్ బాగుండి, ఫోన్ నేరుగా కలిపినా, 60 హెర్ట్జ్ దగ్గర కూడా ఒక వాల్యూమ్ దాటగానే శబ్దం గట్టిపడి పగిలితే ఆంప్ చూడాలి. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ల తల ఉబ్బిందా, బోర్డు మీద బరువైన భాగాల కింద సోల్డర్ చుట్టూ ఉంగరంలా సన్నటి పగులు ఉందా చూడమని మెకానిక్‌కి చెప్పండి. ఆంప్ రోజంతా పెట్టెలోనే అదురుతూ ఉంటుంది కాబట్టి ఆ పగుళ్ళు సహజం. స్పీకర్ వైర్ల మధ్య, సిగ్నల్ లేకుండా, డీసీ వోల్టేజీ కొలిపించండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది. ఒక వోల్టు, రెండు వోల్టులు ఉంటే కొత్త స్పీకర్ వేసినా అదీ పోతుంది, ముందు బోర్డు బాగుచేయాలి.

ఇంటి కరెంటునీ మరవొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్‌కి 230 వోల్టులకి బదులు 180 వస్తే, పవర్ అనేది వోల్టేజీ వర్గం లెక్కన పడిపోతుంది: 100 వాట్లు ఇవ్వాల్సింది 61 వాట్ల దగ్గరే పగులుతుంది. వేసవి సాయంత్రం గరగరలాడి, పొద్దున బాగుండే సబ్‌లకి ఇదే కథ. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే ట్రాన్స్‌ఫార్మరే జుమ్మంటుంది, దానికి సబ్‌లో చేసే రిపేరు లేదు.

సినిమా లేనప్పుడు కూడా గుయ్యిమనే మోత ఉంటే ఆర్‌సీఏ వైరు పీకి చూడండి. పీకగానే ఆగితే గ్రౌండ్ లూప్, అంటే రెండు దారుల్లో ఎర్తు కలిసి మోత పుట్టడం. రిసీవర్‌కి కలిసిన కేబుల్ టీవీ లేదా డిష్ వైరు పీకితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. కేబుల్ టీవీ వైరుకి ఐసొలేటర్ పెట్టండి, లేదా సబ్, రిసీవర్, టీవీ ఒకే ప్లగ్ పాయింటు నుంచి నడపండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా చెబితే వినొద్దు, మోత పోతుంది కానీ షాక్ కొట్టకుండా కాపాడేది పోతుంది. వైరు పీకినా మోత ఆగకపోతే ఆంప్ ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినట్టు.

ఇక మీ షాపు వాళ్ళ మాట. బొటనవేళ్ళ పరీక్షలో గరుకు తగిలి, లేదా ఓమ్స్ తప్పి ఉంటేనే కాయిల్, కోన్ మార్పించండి. అలా మార్పించేటప్పుడు రీకోనింగ్ (పాత స్పీకర్‌కి కొత్త కోన్, కాయిల్ వేయడం) చేసే మనిషి కాయిల్‌ని సందులో నడిమధ్యకి తేవడానికి ఫిల్మ్ పట్టీలు దూర్చి అతికించి, జిగురు పూర్తిగా ఆరాకే తీయాలి. గంటలో ఇచ్చేస్తానంటే ఒప్పుకోకండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట కొత్త డ్రైవరే (పెట్టె లేని స్పీకర్ మాత్రమే) కొనేస్తే 10 అంగుళాలు అని అడిగితే చాలదు. పాతదాని ఓమ్స్, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, లోతు రాసుకుని వెళ్ళండి. 8 ఓమ్స్ స్థానంలో 4 ఓమ్స్ వేస్తే ఆంప్ మీద కరెంటు రెట్టింపవుతుంది. కారు కోసం చేసిన డ్రైవర్లు చాలావరకు వేరే కొలత పెట్టెకి తగ్గట్టు ఉంటాయి, మీ పెట్టెలో వేస్తే ట్యూనింగ్ కుదరదు. కొత్తది బిగించాక మళ్ళీ అదే కాగితం, అవే టోన్లు, 80 నుంచి 20 దాకా వేసి చూడండి. పాత అంకెల దగ్గర ఏదైనా ఇంకా మోగుతుంటే షాపు వాళ్ళకి డబ్బు ఇచ్చేముందే వినిపించండి.